పోయొస్తా అనకూడని వార్డు

మా అమ్మ చేతిలో నేను తిన్న మొదటి దెబ్బ ఒక్క మాట కోసం. బడికి వెళ్ళే మొదటి వారంలో పలక పట్టుకుని గడప దాటుతూ "అమ్మా, పోతా" అన్నాను. నోటి మీద ఒకటి తగిలించి, లోపలికి లాక్కొచ్చి, కూర్చోబెట్టి, గ్లాసుడు నీళ్ళు తాగించి, "పోయొస్తా అని చెప్పల్ల" అని నేర్పించి మళ్ళీ పంపింది. పోతా అంటే మనిషి పోవడమే. పోయొస్తా అంటే తిరిగి రావడం. తమిళంలోనూ ఇంతే. 'పోరేన్' అంటే ఇంట్లో పెద్దవాళ్ళు ఉలిక్కిపడతారు, 'పోయిట్టు వరేన్' అంటే తలూపుతారు. మా తిరుత్తణి వైపు రెండు భాషలూ ఒకే ఇంట్లో కాపురం ఉంటాయి. కోపం తెలుగులో, కూరగాయల బేరం తమిళంలో, సెలవు చీటీ ఇంగ్లీషులో. మిగతా విషయాల్లో ఎంత కొట్టుకున్నా గడప దగ్గర మాత్రం రెండూ ఒక్క మాట మీద ఉంటాయి.

అలా ముప్ఫై ఏళ్ళు జాగ్రత్తగా పోయొస్తూ బతికిన నేను, కరోనా వచ్చిన ఏడాది, ఆ మాటే నేరమైన చోట ఉద్యోగం చేయాల్సి వచ్చింది. తిరువళ్ళూరులో ఒక ఆసుపత్రి, ఎమర్జెన్సీ వార్డు. నేను స్టాఫ్ నర్సుని.

నిషేధం పెట్టింది మా వార్డు ఇన్‌చార్జి సిస్టరు. పళ్ళిపట్టు దగ్గర ఆంధ్ర సరిహద్దు ఊళ్ళో భూములున్న ఇంటి మనిషి. ఇంట్లో పదిమంది పనివాళ్ళను చూసుకున్న ధీమాతో వార్డును కూడా చూసుకునేది. అందరం పెద్దక్క అనేవాళ్ళం. డాక్టర్లు కూడా అనేవాళ్ళు, కాకపోతే వాళ్ళు రెండుసార్లు పిలిస్తే గానీ పలికేది కాదు.

మొదటి ఏడాది తిరునిన్రవూరు నుంచి ఒకాయన ఆయాసంతో వచ్చాడు. నాలుగు రోజుల్లో తేరుకుని, తలుపు దగ్గర చేతులు జోడించి, "పోయిట్టు వరేన్ సిస్టర్" అని వెళ్ళాడు. మూడోరోజు అంబులెన్సులో దిగాడు. మళ్ళీ తేరుకున్నాడు, మళ్ళీ చేతులు జోడించాడు, మళ్ళీ అదే మాట. వారం తిరక్కుండా మళ్ళీ దిగాడు. మూడోసారి ఆయన ఇంటికి బయల్దేరి చేతులు ఎత్తుతుండగానే పెద్దక్క పరుగున వెళ్ళి అడ్డం నిలబడింది.

"ఈయప్ప చెప్పిన మాట తప్పే మనిషి కాదు మే. నోరు తెరవనీయొద్దు" అంది నాతో తెలుగులో. మే అంటే మా వైపు ఆడవాళ్ళను చనువుగా పిలిచే పిలుపు. ఆయనతో తమిళంలో మర్యాదగా, ఈసారి 'పోరేన్' అని మాత్రం చెప్పి వెళ్ళమంది. ఆయన ఆమె వంక, నా వంక చూసి, ఏమీ అనకుండా తల దించుకుని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. అంతే, ఆ సాయంత్రానికి అది వార్డు చట్టమైంది. మా దగ్గర నుంచి ఎవరూ పోయొస్తా అని చెప్పి వెళ్ళకూడదు.

పెద్దక్క చదువుకోని మనిషి కాదు. చేతులు కడగడంలో వేలి సందు వదిలేస్తే దూరం నుంచే కనిపెట్టేది. నేనూ చదువుకోని దాన్ని కాదు. కానీ ఆ రోజుల్లో ఏ మందు పనిచేస్తుందో ఎవరికీ తెలియదు, ఏది పట్టుకుంటే ధైర్యం వస్తే దాన్ని పట్టుకునేవాళ్ళం. నేను కూడా మనసులో గట్టిగా ఒప్పేసుకున్నాను.

చిక్కల్లా ఏమిటంటే, మా పేషెంట్లందరికీ అమ్మలున్నారు, ఆ అమ్మలందరూ చిన్నప్పుడు నోటి మీద కొట్టే ఉన్నారు. చావు దాకా వెళ్ళి బయటపడిన మనిషిని తలుపు దగ్గర ఆపి 'పోతా' అనమంటే ఎవరికి నోరొస్తుంది? కొందరు చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా జారుకున్నారు. పట్టాభిరామ్ నుంచి వచ్చిన ఒకామె, ఆ మాటేదో నా తరఫున నువ్వే అనెయ్యమ్మా అని నన్ను బతిమాలింది. కాలేజీ కుర్రాళ్ళు 'బై' అనేసి తప్పించుకునేవాళ్ళు. ఇంగ్లీషు బైకి పెద్దక్క అభ్యంతరం చెప్పలేదు, దానికి వెళ్ళడమో రావడమో అర్థమేమీ లేదని ఆమె నమ్మకం.

ఇలా ఉండగా పొదటూరుపేట పక్క ఊరి తాత వచ్చాడు. కాకర తోట రైతు, ఎండిన మనిషి, మొండి ఘటం. ఉన్న తొమ్మిది రోజులూ మాస్కు గడ్డం కిందికి లాగి పడుకునేవాడు. నేను వార్డు ఆ చివర నుంచి "మాస్కు గడ్డానికి కాదు, ముక్కుకి!" అని అరిచేదాన్ని. ఆయన పైకి లాగేవాడు, నేను తిరగ్గానే కిందికి లాగేవాడు. నాకు కోపం ఎక్కువ, దాచుకునే అలవాటు లేదు. ఒకరోజు డ్యూటీ అయ్యాక ఒంటినిండా తొడుక్కునే ఆ పీపీఈ తెల్లసూటు విప్పి చూస్తే, వీపు మీద మార్కరుతో తమిళంలో 'జాగ్రత్త, కోపం జాస్తి' అని రాసి ఉంది. తోటి నర్సుల పని. ఆరు గంటలు ఆ బోర్డుతోనే ఊసులు వేశాను. ఊసంటే ఇంజెక్షను, మా వైపు తెలుగువాళ్ళు కూడా అలాగే అంటారు. ఆ రోజు పేషెంట్లందరూ అంత బుద్ధిగా చేయి చాపారెందుకో అప్పుడు అర్థమైంది.

తాత ఇంటికి వెళ్ళే రోజు తలుపు దగ్గర నిలబడ్డాడు. "పోయొ..." అన్నాడు. పెద్దక్క చేయి అడ్డం పెట్టింది.

"పోతా అను తాతా."

"అనను."

"అంటేనే పోయేది."

"నేనెందుకు పోతాను? బతికినోణ్ణి గదా. పోతా అనేదానికైతే ఆ మంచం మీదనే అనుంటిని."

"పోయొస్తా అంటే మళ్ళా ఈడికే వస్తావు."

"వస్తే ఏమి, మీరు బాగనే చూసుకొంటిరి గదా. ఈమె అరస్తాది, అంతే." ఈమె అంటే నేను.

అలా పావుగంట. బయట ఆయన కొడుకు ఆటో తెచ్చి హారన్ కొడుతున్నాడు. లోపల ఇంకో పేషెంటుని దింపుతున్నారు. పెద్దక్క పంతం వదలదు, ఆయన గడప వదలడు. నాకు ఓపిక నశించింది. "తాతా, మీ కాకరకాయలు యాడ అమ్ముతావు?" అని అడిగాను.

"తిరుత్తణి బజార్లో. వారానికి రెండు తూర్లు."

"మాదీ తిరుత్తణే. అయితే బజార్లో కనపడతానని చెప్పి పో."

తాత ఆలోచించాడు. పెద్దక్క ఆలోచించింది. అందులో పోవడం లేదు, ఇక్కడికి రావడమూ లేదు. "బజార్లో కనపడతానమ్మా" అన్నాడు తాత నాకేసి చూసి, ఏదో రిజిస్టరాఫీసులో సాక్ష్యం చెప్పినంత గట్టిగా. ఆయన నన్ను చూశాడంటే కళ్ళద్దాల వెనక రెండు కళ్ళు చూశాడు, అంతకంటే ఏమీ కనపడే వీలు లేదు. ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి అదే మా వార్డు వీడ్కోలు. బజార్లో కనపడతా. తమిళం వాళ్ళకు తమిళంలో 'కడైత్తెరువుల పాక్కలాం' అని నేర్పించాం. తలుపు దగ్గర మనుషులు నవ్వుతూ చెప్పి వెళ్ళేవాళ్ళు. నేను మాత్రం ఏ బజారుకూ వెళ్ళేదాన్ని కాదు. డ్యూటీ, రైలు, స్నానం, నిద్ర. కూరగాయలు తెచ్చేది మా ఆయన, కరెంటాఫీసు నుంచి వస్తూ. నా వరకు అది మనుషుల్ని తలుపు దాటించే ఉపాయం, అంతకు మించి ఆలోచించలేదు.

రెండో ఏడాది వేసవిలో ఆ మాట చెప్పడానికి తలుపు దాకా నడిచి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఆ రోజుల గురించి నేను ఎక్కువ రాయలేను. మంచాల నంబర్లు గుర్తున్నాయి, ఏ మంచం ఏ పూట ఖాళీ అయిందో గుర్తుంది. నడిచి వెళ్ళినవాళ్ళలో ఒక్క ముఖం కూడా గుర్తుకు రాదు. నడిచి వెళ్ళినవాళ్ళే ఎక్కువమంది అని పెద్దక్క రిజిస్టరు తీసి చూపించేది. నేను నమ్మేదాన్ని కాదు. మనసు ఒకవైపు లెక్కే రాసుకుంది.

అప్పుడే నాలో ఏదో తేడా వచ్చిందని ముందుగా కనిపెట్టింది మా వదిన, అంటే మా ఆయన అక్క. పాపం, కనిపెట్టాలని కనిపెట్టలేదు. అంతా కాస్త తెరిపిన పడ్డాక ఒక ఆదివారం మమ్మల్ని చూడ్డానికి వచ్చింది. భోజనం చేసి, మా అత్తగారితో కబుర్లు చెప్పి, సాయంత్రం సంచి భుజాన వేసుకుని గడప దగ్గర "పోయొస్తా మే" అంది. నేను వంటింట్లోంచి దూసుకొచ్చాను. చేయి అడ్డం పెట్టి, వార్డు గొంతుతో అరిచాను.

"పోయొస్తా అనొద్దు! పో! మళ్ళా ఈ తట్టు రావొద్దు!"

మా వదిన సంచి జారిపోయింది. మా ఆయన, చేతిలో కాఫీ గ్లాసు, తాగాలా పెట్టేయాలా తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నేనేం అన్నానో నాకు తెలియడానికి ఇంకో అర నిమిషం పట్టింది. ఆ తర్వాత వార్డు చట్టం, తిరునిన్రవూరు పెద్దమనిషి, తాత కాకరకాయలు అన్నీ గబగబా చెప్పాను. చెప్పేకొద్దీ ఇంకా పిచ్చిదానిలా కనిపించానే తప్ప ఉపయోగం లేకపోయింది. మా వదిన మూడు నెలలు మాట్లాడలేదు. ఫోన్ చేస్తే మా ఆయనతో, "రావొచ్చునా అని మీ ఆసుపత్రిలో అడిగి చెప్పు" అనేది.

ఆ తర్వాతి వారమే నా వంతు వచ్చింది. పొద్దున రైలుకు టైమవుతోంది. టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుని, చెప్పులేసుకుని, "అత్తా, పోతా" అన్నాను. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి.

మా అత్తకు డెబ్బై ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఆ రోజు మాత్రం వాకిలి దాకా పరుగెత్తింది. నా సంచి పట్టుకుని లోపలికి లాగింది. "ఏందిమే ఆ మాట! రా, కూర్చో, నీళ్ళు తాగు" అంది. కూర్చున్నాను, తాగాను. "ఇంగొక తూరి" అంది. లేచి గడప దగ్గరికి వెళ్ళి నోరు తెరిచాను. మాట రాలేదు. పోయొస్తా అంటే వార్డు చట్టం, పోతా అంటే ఇంటి చట్టం. రెండూ గొంతులో ఒకేసారి అడ్డం పడ్డాయి. తలుపు పట్టుకుని నిలబడిపోయాను. అవతల రైలు కూత వినపడింది, వెళ్ళిపోయింది.

మర్నాడూ అంతే. మూడోరోజు ఎలాగో ఏమీ అనకుండా దాటాను. రైల్లో అరక్కోణం దాకా ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. తిరువళ్ళూరు స్టేషను వచ్చినా దిగలేదు. దిగాలని తెలుసు, సీటు వదల్లేదు. ఇంకా ముందుకెళ్ళి తిరునిన్రవూరులో దిగి, ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఏడ్చాను. నాకు భయం వేసింది. ఇన్నాళ్ళూ జబ్బు వస్తుందని భయపడ్డాను గానీ, ఇది అది కాదు. ఇక నావల్ల కాదేమో, నేను ఈ పనికి పనికిరాకుండా పోయానేమో అన్న భయం. పన్నెండేళ్ళుగా నాకు తెలిసింది ఈ ఒక్క పనే.

ఆ మధ్యాహ్నం వెనక్కి వార్డుకు వచ్చి పెద్దక్కకు రాజీనామా ఇచ్చాను. ఇంగ్లీషులో రాశాను. నా మాట తెలుగు, నా చదువు తమిళం, కానీ వెళ్ళిపోతున్నానని ఆ రెండింటిలో ఎలా రాసినా అపశకునమే. ఆమె చదివి, "తేదీ వెయ్యలేదు" అని పక్కన పెట్టింది.

"వేస్తా అక్కా, ఇయ్యి."

"ఇప్పుడు పెన్ను లేదు" అంది, జేబులో మూడు పెన్నులతో. వార్డు డాక్టరు చేత పదిహేను రోజుల సెలవు రాయించింది. దాని మీద ఆయన 'బర్నవుట్' అని ఒక ముక్క రాశాడు, పని భారంతో మనిషి ఆరిపోవడానికి డాక్టర్ల మాట.

తలుపు దగ్గర ఆగాను. "పోతా అక్కా" అన్నాను. చట్టం ప్రకారం సరిగ్గానే చెప్పాను. పెద్దక్క చార్టు మీంచి తలెత్తింది. "అట్లనకూడదు మే. పోయొస్తా అని చెప్పు" అంది. చట్టం పెట్టిన మనిషే ఆ మాట అడిగింది. నేను చెప్పలేదు. తల దించుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చాక మా అత్త సెలవు చీటీలో ఏముందని అడిగింది. బర్నవుట్ అన్నాను.

"బర్నరా? అది గ్యాసుపొయ్యిలో గదా ఉండేది."

అది కాదని చెప్పబోయి ఆగాను. ఆలోచిస్తే, పెద్ద తేడా ఏమీ కనపడలేదు. "అవును అత్తా, అదే" అన్నాను.

"మంట రాలేదా?"

"రాలేదు."

"అడ్డుకొనుంటాది. పారెయ్యకూడదు. చింతపండు నీళ్ళల్లో నానబెట్టి, కంతల్లో పిన్నుతో పొడిచి, ఎండబెట్టల్ల. సీక్రం కాదు, రెండు మూడు దినాలు పడతాది." ఆమెకు ఆ చికిత్స మీద పూర్తి నమ్మకం. చింతపండు నీళ్ళు తప్ప మిగతా అన్నీ చేసింది. నువ్వుల నూనె తలకు పెట్టి కుంకుడుకాయతో రుద్దింది, మిద్దె మీద ఎండలో కూర్చోబెట్టింది, సూటిపోటి మాటలతో అప్పుడప్పుడూ పొడిచింది కూడా.

సెలవులో నేను అందరినీ ఎంత ఇబ్బంది పెట్టానో ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. కుక్కరు విజిలు వేస్తే మానిటరు అనుకుని లేచి నిలబడేదాన్ని. మా ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుంటే నిమిషానికి ఎన్ని ఊపిరులో లెక్కపెట్టి, తక్కువని అనుమానం వస్తే లేపి మళ్ళీ లెక్కపెట్టేదాన్ని. వేలికి తగిలించే ఆక్సిజన్ మిషను జాకెట్లో పెట్టుకుని తిరిగేదాన్ని. పూలమ్మే ఆమెకు పెట్టాను, గ్యాసు సిలిండరు తెచ్చిన అతనికి పెట్టాను. అతను సిలిండరు మోసుకుని రెండంతస్తులు ఎక్కొచ్చాడు గనక నాడి నూట ముప్ఫై చూపించింది. అతన్ని కూర్చోబెట్టి, పడుకోమని అరిచాను. ఆ తర్వాత సిలిండరు కింది వాకిట్లోనే దించి వెళ్ళేవాడు.

పదకొండో రోజు మా అత్తకు విసుగొచ్చింది. మా ఆయన తెచ్చిన వంకాయలన్నీ పుచ్చులని తిట్టి, సంచి నా చేతికిచ్చి, "బజారుకు పోయిరా" అంది. పోయిరా అని ఆమే అనేసింది గనక నేను ఏమీ అనాల్సిన పని లేకపోయింది. గడప దాటాక గానీ దాటానని తెలియలేదు.

తిరుత్తణి కూరగాయల బజారులో అడుగుపెట్టి రెండేళ్ళయింది. జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. గుడి కొండకు వచ్చి గుండు చేయించుకున్న భక్తులు, ఆకుకూరల బుట్టలు, టీ గ్లాసులు, సగం మందికి మాస్కు లేదు, మిగతా సగానికి గడ్డం కింద. వెనక్కి వెళ్ళిపోదామని తిరిగేసరికి, ఎదురుగా ఒక టమోటాల మనిషి గడ్డానికి మాస్కు వేలాడేసుకుని నా ముఖం మీదే తుమ్మాడు.

"మాస్కు గడ్డానికి కాదు, ముక్కుకి!"

ఆ టమోటాల మనిషితో పాటు చుట్టూ ఉన్న నలుగురు మాస్కులు పైకి లాగారు. వెనకనుంచి ఎవరో కేక వేశారు.

"ఆ గొంతే! అదే గొంతు!"

కాకరకాయల కుప్ప వెనకనుంచి ఒక ఎండిన మనిషి లేచాడు. మాస్కు గడ్డం కిందే ఉంది, నన్ను చూసి గబగబా ముక్కు మీదికి లాక్కున్నాడు. అలా లాక్కోవడం చూసి గుర్తుపట్టాను.

"తాతా!"

"బజార్లో కనపడతానని చెప్పుంటిని గదమ్మా. ఏడాదిగా చూస్తావుండా. నీ మొగం తెలీదు, పేరు తెలీదు. కనపడిన ఆడోళ్ళనంతా 'నువ్వు నర్సమ్మవా' అని అడిగితిని. ఒకామె చెప్పు తీసింది." ఆయన నా చుట్టూ తిరిగి వీపు చూశాడు. "ఆ రాసిందేమాయె? కోపం జాస్తి అని ఉండె గదా?"

ఉతికితే పోయిందని చెప్పాను. ముఖం చూపించమన్నాడు. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి మాస్కు తీశాను.

"ఇంత చిన్నదానివా! ఆ గొంతుకు అరవై ఏండ్లుంటాయని అనుకొంటిని."

నవ్వబోయాను. నవ్వు సగంలో ఏడుపైంది. కాకరకాయల ముందు, అంత జనంలో, మాస్కు చేత్తో పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. తాత కంగారుపడ్డాడు. "ఏమిటికేడస్తావమ్మా? నేను రాకపోయింటే ఏడవల్ల. వచ్చినానే!"

"ఇంగ నేను ఆసుపత్రికి పోవడంలేదు తాతా. రాజీనామా రాసిచ్చేసినా."

ఆయన నాకు ధైర్యం చెప్పలేదు, బుద్ధులూ చెప్పలేదు. ఆయనకు కోపం వచ్చింది. "అదెట్ల? రేపు నాకేమన్నా అయితే ఎవురు తిట్టేది?" అని, ఆకుకూరల వరుస వైపు చేయి చాచాడు. "ఆ తోటకూర ఆమె చూడు, మీ వార్డే. నా తర్వాత నెల. ఆ మూల తమలపాకులాయన, ఆయనా మీ వార్డే, అరవోడు. నీతో మాట్లాడేదానికి భయం ఆయనకి, రెండు ఊసులేసినావంట నొప్పిగా. మేము దినమూ చూసుకొంటాము, బజార్లో కనపడితిమి అని చెప్పుకొంటాము. చెప్పినోళ్ళమంతా వచ్చినాము. రానిదానివి నువ్వొక్కతివే."

తోటకూర ఆమె లేచి చేయి ఊపింది. తమలపాకులాయన తన చేయి వెనక్కి దాచుకున్నాడు. ముగ్గురు. నా లెక్కలో అవతలి వైపు అన్నాళ్ళుగా ఒక్కరూ లేరు, ఇప్పుడు ముగ్గురు ఊపిరి తీస్తూ, బేరాలాడుతూ, మాస్కులు సరిగ్గా పెట్టుకోకుండా నిలబడి ఉన్నారు. జాకెట్లో ఆక్సిజన్ మిషను ఉంది. తీయలేదు. తాత నా సంచినిండా కాకరకాయలు పోశాడు. వంకాయలు కావాలని చెప్పినా వినలేదు.

ఇంట్లో కాకరకాయల సంచి చూసి మా అత్త, "ఒక బర్నరు బాగైందనుకొంటే ఇంగోటి పోయినట్లుండాదే" అంది. అయినా పులుసు పెట్టింది.

సోమవారం సెలవు ముగిసింది. పొద్దున చెప్పులేసుకుంటుంటే మా అత్త ముందుజాగ్రత్తగా నీళ్ళ గ్లాసుతో గడప దగ్గర కాచుకుంది. గొంతులో అడ్డం ఇంకా ఉంది, లేదని చెప్పను. తాతను తలచుకున్నాను, ఏడాదిపాటు ఆడవాళ్ళ చేత తిట్లు తింటూ నన్ను వెతికిన మనిషిని. "పోయొస్తా అత్తా" అన్నాను. మాట వణికింది గానీ బయటికి వచ్చింది. ఆమె ఆ నీళ్ళు తానే తాగేసింది.

తిరువళ్ళూరులో దిగాను. వార్డులో పెద్దక్క, నేను మొన్ననే వెళ్ళినట్టుగా, "రెండో మంచం డ్రిప్పు చూడు" అంది. నా రాజీనామా ఆమె బల్ల సొరుగులో ఉష్ణోగ్రత చార్టుల కింద ఉంది, తేదీ లేకుండానే. మధ్యాహ్నం నేను దాన్ని తీసుకుంటుంటే ఆమె చూడనట్టు ముఖం తిప్పుకుంది. ఆ రోజు ముగ్గురు ఇంటికి వెళ్ళారు. ముగ్గురి చేతా బజారు మాట చెప్పించాను, ఏ బజారో, ఏ వారమో కూడా అడిగి మరీ.

సాయంత్రం డ్యూటీ దిగాను. చేతులు నొప్పి, నడుం నొప్పి, భయం పూర్తిగా పోలేదు, రేపు పొద్దున గడప దగ్గర మళ్ళీ కాచుకుని ఉంటుంది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాను. పెద్దక్క ఆ రోజు ఒక మాట అడిగింది, నేను బాకీ పడ్డాను. వార్డంతా వినపడేలా, నా గొంతుతోనే అరిచాను.

"పోయొస్తా పెద్దక్కా!"

మంచాల మీద తలలు లేచాయి. పెద్దక్క బల్ల దగ్గర నుంచి గబగబా వచ్చింది. చార్టు నోటికి అడ్డం పెట్టుకుంది, కానీ అప్పటికే కళ్ళు తడిసిపోయాయి.

"మెల్లగా చెప్పుమే," అంది. "పేషెంట్లు వింటారు."